ఎంత రుద్దినా పోని మాట

“ఈ పిల్లకు ఎర్రలంగ కుట్టియ్యకుండ్రి. ఇంకింత నల్లగ కొడ్తది.”

హెడ్‌ఫోనులో ఆ గొంతు విని సుగుణ మీట నొక్కి ఆపింది. ఎవరో నడివయసు ఆడమనిషి. నోట్లో వక్క ఉంది. వెనకాల కుట్టుమిషను చప్పుడు. ఆ మాట అన్న మనిషి ఆ పూటే మరిచిపోయి ఉంటుంది. వక్క ఉమ్మేసి, గుడ్డముక్కలు దులుపుకుని వంటకు లేచి ఉంటుంది. పిల్ల తలలో మాత్రం ఏళ్ళ తరబడి ఆ మిషను ఆడుతూనే ఉంది.

అద్దపు గోడకు అవతల ఆ పిల్ల కూర్చుని ఉంది. నెత్తిన తీగల టోపీ, ఎదురుగా నిలువుటద్దం. పిల్ల అద్దంలో చూసుకుంటుంది. తన ఒంట్లో తనకు గిట్టని చోట చూపు ఆగుతుంది. ఆగిన క్షణాన లోపల ఒక మాట మోగుతుంది. మోగని మనిషి లేడు, గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకోండి. ఆ మోగిన మాటను టోపీ ఒడిసిపట్టి స్పీకర్లోకి తోసేది. బురదనీళ్ళలా వచ్చేది శబ్దం. దాన్ని తేర్చడం సుగుణ పని. వరంగల్ స్టూడియోలో ఒగ్గుకథల క్యాసెట్ల కాలం నుంచి పెళ్ళి వీడియోల దాకా గొంతులు కడిగీ కడిగీ అరిగిన చెవి ఆమెది.

దొరికిన మాటను చెరిపెయ్యడం రెండో పని. అది టోపీయే చేస్తుందట. అందుకే కంపెనీ పెట్టిన బారెడు ఇంగ్లీషు పేరు వదిలేసి పిల్లలు దాన్ని మర్పు టోపీ అన్నారు.

హన్మకొండలో కాజీపేట రోడ్డు మీద కొత్తగా లేచిన ఆ ల్యాబుకు జీపుల్లో, కార్లలో, ఆటోల్లో పిల్లలు వచ్చేవారు. బంగారం కొట్టు శ్రీపతి గారి అబ్బాయి వైభవ్ చొక్కా లోపల రెండు బనియన్లు బిగించి వచ్చేవాడు. లావు కనబడకూడదని. మండీబజారు తన్వీర్ ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసేవాడు. సన్నం కనబడకూడదని. వాళ్ళ తలల్లోంచి వచ్చినవి సుగుణ ఒక్కొక్కటే విన్నది. “మా బొద్దుగాడు, తలుపుల పట్టడు” అని నాయనమ్మ నవ్వు. “గాలొస్తే ఎగిరిపోతడు వీడు” అని చిన్నాయన. తెలుగో ఉర్దూనో ఏదైతేనేం. ఇళ్ళు వేరు, కంచాలు వేరు, ఒకరి గడప ఒకరు తొక్కరు. పిల్లల ఒంటి మీద పడే మాట మాత్రం ఒక్క అచ్చులో పోసినట్టు ఉంది.

ల్యాబు డైరెక్టరు ఉదయభాస్కర్ ఇది చూసి చేతులు రుద్దుకున్నాడు.

“ఈ మాటలు ఫోనుల్లోంచి వస్తాయనుకున్నాం సుగుణగారూ. సినిమా వాళ్ళ గొంతు ఒక్కటన్నా వచ్చిందా? లేదు. అంతా ఇంట్లోదే. మనకు డబ్బిస్తున్న క్రీముల వాళ్ళు ఎంత సంతోషిస్తారో తెలుసా? తప్పు వాళ్ళది కాదని తేలిపోయింది.”

“క్రీము పూస్తెనే పెండ్లయితదని టీవీల చెప్పింది వాళ్ళే గద సార్. ఆ మాటనే ఇంట్ల అమ్మ నోట్లకెళ్ళి వచ్చింది. నోరు అమ్మది, మాట వాళ్ళది.”

“టోపీకి గొంతే వినబడుతుందండీ. గొంతు వెనకాల ఎవరున్నారో వినబడదు” అని నవ్వి, “అన్నట్టు మీరు కాస్త ఒళ్ళు చేసినట్టున్నారే?” అని కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు.

సారలక్ష్మి వచ్చింది ఆ రోజుల్లోనే.

ఆడపిల్లల హాస్టల్లో పదో తరగతి. మేడారం జాతర నెలలో పుట్టిందని అక్కడి వనదేవత పేరు కలిపి పెట్టుకున్నారు. తోటిపిల్లలకు సారక్క. కబడ్డీలో కూతకు వెళ్తే ఎవరినో ఒకరిని తాకందే తిరిగి రాదు. లెక్కల్లో పంతులుకు ఎదురు చెప్పే పిల్ల. అంతటి పిల్ల మెడకు కట్టు ఉంది. బట్టలుతికే బండ దగ్గరి గరుకురాయి ఒకటి దాచుకుని, స్నానాల గదిలో తలుపేసుకుని రోజూ మెడ రుద్దుకునేది. తోలు లేచింది, రసి కారింది, చీము పట్టింది. అయినా ఆపలేదు. వార్డెను చూసి కేకలేసి, సూది వేయించి, కంపెనీ జీపు వస్తే ఎక్కించింది. తల్లిని ఎవరూ అడగలేదు. వార్డెను సంతకం చాలన్నారు.

టోపీ పెట్టారు. సారక్క చూపు మెడ దగ్గర ఆగింది. స్పీకర్లో ముందు నీళ్ళ చప్పుడు వచ్చింది. రేకు డబ్బాతో ముంచి పోస్తున్న చప్పుడు. తర్వాత సర్రు సర్రుమని బీరపీసు రుద్దుతున్న చప్పుడు. అప్పుడు గొంతు.

“ఎంత రుద్దినా పోదేందే నీ మెడ నలుపు. నిల్వడు, కదలకు.”

సుగుణ వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. ఆ గొంతులో వెక్కిరింపు లేదు. పొద్దంతా కష్టం చేసి వచ్చిన మనిషి అలుపు ఉంది. మాట అయిపోయాక చిన్నగా కూనిరాగం కూడా ఉంది. పిల్లకు నీళ్ళు పోస్తూ పాడుకుంటున్నది ఆమె.

గొంతు ఎవరిదో తేల్చడానికి ల్యాబులో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో వాళ్ళ చేత “తిన్నవా బిడ్డా” అనిపించి, తల్లోంచి వచ్చిన దానితో పోల్చి చూస్తారు. సారక్క తల్లి కొమురమ్మకు ఫోను చేశారు. ఆమె జిన్నింగు మిల్లులో పత్తి ఎగదోసే కూలి. “ఎందుకు సారూ?” అని అడిగితే, “ఊరికేనమ్మా, పాపకు మంచిది” అన్నారు. పాపకు మంచిదంటే ఏ తల్లి కాదంటుంది? మిల్లు రొదలోనే గొంతు పెంచి “తిన్నవా బిడ్డా” అని అరిచింది. రెండు గొంతులూ సరిపోయాయి.

చెరిపేశారు. టోపీ ఒకసారి కీచుమంది, అంతే. సారక్క అద్దంలోకి చూసింది. కట్టు పక్కకు లాగి చూసుకుంది. వేళ్ళతో మెడ తడుముకుంది. “నా మెడనే గద” అన్నది, ఎవరో పోగొట్టుకున్న వస్తువు తెచ్చి చేతిలో పెట్టినట్టు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు, సుగుణ కళ్ళు కూడా తడిశాయి.

కొన్నాళ్ళకు, ఆదివారం పూట, పిల్ల ఎలా ఉందో చూసి రమ్మని సుగుణను హాస్టలుకు పంపారు. తల్లిదండ్రులు వచ్చే రోజు. రేకుల షెడ్డు కింద టిఫిను గిన్నెల వాసన. సారక్క జడకు పసుపు రిబ్బను కట్టుకుంది. మెడ మానింది. దూరం నుంచి చూసి సుగుణ సంబరపడింది. దగ్గరికి వెళ్ళాక కాళ్ళు ఆగిపోయాయి.

కొమురమ్మ జుట్టులో ఇంకా పత్తిపింజలు ఉన్నాయి. సర్వపిండి తెచ్చి, తుంచి పెడుతోంది. సారక్క తింటోంది గానీ తల్లికి ఎడంగా, బస్సులో తెలియని మనిషి పక్కన సీటు దొరికితే కూర్చున్నట్టు, సర్దుకుని కూర్చుంది.

“మంచిగుందా బిడ్డా? కారం ఎక్కువైందా?”

సారక్క జవాబు తల్లికి ఇవ్వలేదు. సుగుణ వైపు తిరిగింది.

“మేడం, మీరు ఒక్కమాట చెప్పుండ్రి. ఈమె మా అమ్మనే గద? మొకం అమ్మదే. చీర అమ్మదే. మాట్లాడితే మాత్రం ఎవలో మాట్లాడినట్టుంది.”

“ఎట్లుంది?”

“బస్టాండ్ల మైకు ఉంటది గద. ఫలానా ఊరు పోయే బస్సు ఫలానా కాడ ఆగుతదని. గట్ల. మాట సమజైతది. మనిషి రాదు.”

కొమురమ్మ చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది.

“ఏమంటున్నదమ్మా ఇది? ఫోన్ల గూడ గంతే. ‘ఎవలు’ అంటది. అమ్మనే అంటే ‘ఆఁ చెప్పుండ్రి’ అంటది. కన్నతల్లిని ఉండ్రి అంటదా?” అని, కోపంగా కూతురి వైపు తిరిగింది. “కూలిదాని బిడ్డనని చెప్పుకునేతందుకు సిగ్గైతున్నదానే నీకు? మీరేమన్న నేర్పిండ్రా మేడం దీనికి?”

సారక్క శ్రద్ధగా విన్నది. ఎవరో ప్రయాణికురాలు తన గోడు చెప్పుకుంటుంటే విన్నట్టు. కళ్ళలో జాలి ఉంది. కోపం లేదు, సిగ్గు లేదు, బాధ లేదు.

ఆ మర్నాడు వైభవ్‌ను మాట చెరపడానికి పిలిచారు. శ్రీపతి కొడుకును బయట కూర్చోబెట్టి తను లోపలికి వచ్చాడు. డైరెక్టరు కుర్చీ లాగి వేశాడు. గదిలో మైకు ఆన్‌లో ఉన్న సంగతి ఇద్దరూ మరిచారు. గోడకు ఇవతల హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్న సుగుణకు ప్రతి మాటా తేటగా వినబడింది.

“మీకు ముందే ఒక విషయం చెప్పాలండీ. మాట ఒక్కటే ఊడి రాదు. అది గొంతుకు అతుక్కుని ఉంటుంది. మాట తీస్తే గొంతూ పోతుంది. అంటే, మీ అమ్మగారు మాట్లాడితే బాబుకు పరాయి మనిషి మాట్లాడినట్టు ఉంటుంది.”

“ఏందీ? మా అమ్మ గొంతు పోతదా?”

“కంగారు పడకండి. మీలాంటి వారికి వేరే పద్ధతి ఉంది. నెలల తరబడి, కొంచెం కొంచెంగా మాట పదును తగ్గిస్తాం. ఖర్చు ఉంటుంది. గొంతు మాత్రం ఉంటుంది.”

“ఏమొద్దు సార్. నేనే మా అమ్మకు చెప్పుకుంట, పిలగాన్ని బొద్దుగాడనద్దని” అంటూ శ్రీపతి లేచాడు. బయటకు వచ్చి కొడుకు భుజం మీద చెయ్యి వేసి కారు ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. చెప్పారు కాబట్టి వెళ్ళిపోయాడు. చెబితే ఎవరైనా వెళ్ళిపోతారు.

సుగుణ హెడ్‌ఫోను బల్ల మీద విసిరి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

“మీకు ముందునుంచే తెలుసు.”

“ముందునుంచీ కాదండీ. కొందరి మీద చేసి చూశాకే కదా తెలిసేది.”

“ఎవల మీద చేసి చూసిండ్రు?”

ఉదయభాస్కర్ కాఫీ కప్పులోకి చూశాడు.

“హాస్టల్ పిల్లల మీద. అంతే గద?”

“చూడండి, ఈ యంత్రం కనిపెట్టినవాళ్ళ దేశంలో వెక్కిరించేవాళ్ళు బళ్ళో ఉంటారు, వీధిలో ఉంటారు. వాళ్ళ గొంతు పోతే పీడ పోతుంది. ఇక్కడ తీరా చూస్తే, వెక్కిరించేదీ అన్నం పెట్టేదీ ఒకే గొంతు. ఎవరు ఊహిస్తారు?”

“ఊహించుడెందుకు సార్? మీరు ఈ ఇండ్లల్ల పుట్టలేదా? మీకు ఎవలు పోసిండ్రు నీళ్ళు?”

“ఆవేశం వద్దు. ఆ అమ్మాయి మెడ చీము పట్టింది. ఇప్పుడు హాయిగా ఉంది. మీరే కదా ఆనందంతో ఏడ్చారు? అమ్మ ఎక్కడికీ పోలేదు. గొంతేగా పోయింది.”

గొంతేగా! జీవితమంతా గొంతుల మీద బతికిన మనిషి ముందు ఆ మాట అన్నాడు. సుగుణకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొట్టి ఉండేదే. కొడితే గెంటేస్తారు, గెంటేస్తే టోపీ దగ్గరికి పోనివ్వరని పిడికిలి బిగబట్టుకుని బయటకు వచ్చింది.

ఎందుకంటే దారి ఒకటి ఉంది. తల్లోంచి తీసిన ప్రతి మాటా టోపీ లోపల అలాగే ఉంటుంది, చల్లబెట్టిన పాలలా. లోపల్నుంచి వచ్చింది మళ్ళీ లోపలికి పోతుంది. ఫోనులో అనిపించిన “తిన్నవా బిడ్డా” లోపలికి పోదు, అది బయటి శబ్దం, సారక్కకు అదీ మైకే. తల్లి గొంతును ఆ పిల్ల తలకు మళ్ళీ ముడివెయ్యగల పోగు లోకంలో ఒక్కటే మిగిలింది. “ఎంత రుద్దినా పోదేందే నీ మెడ నలుపు.” అది ఎక్కిస్తే గొంతు వస్తుంది. గొంతుతో పాటు మంటా వస్తుంది.

సుగుణ మిల్లుకు వెళ్ళింది. పత్తి దుమ్ములో నిలబడి కొమురమ్మకు ఉన్నదున్నట్టు చెప్పింది. కొమురమ్మ ముందు నమ్మలేదు, తర్వాత తిట్టింది, ఆ తర్వాత కొంగు దులుపుకుని “నడువు” అన్నది. దారిలో హాస్టల్ దగ్గర ఆగి సారక్కను వెంటబెట్టుకున్నారు. వార్డెను అడ్డం వస్తే కొమురమ్మ “నా బిడ్డను నేను తీస్కపోతున్న, నువ్వెవలు?” అన్నది. వార్డెను పక్కకు జరిగింది.

ల్యాబులో డైరెక్టరు భోజనానికి వెళ్ళిన వేళ. సుగుణ ముందు కొమురమ్మ చెవులకు హెడ్‌ఫోను పెట్టింది. నీళ్ళ చప్పుడు వింటూనే కొమురమ్మ మొహం విచ్చుకుంది. మాట వచ్చేసరికి మాడిపోయింది.

“గిది నేనేనా?”

“నువ్వే అక్కా.”

“నాకు యాదికే లేదు.” హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. “గా మాట నాది గాదమ్మా. మా అవ్వ నన్ను గట్లనే రుద్దేది, ఇటుకపెళ్ళతోని. గిదే మాట అనుకుంట రుద్దేది.” మళ్ళీ తనే తల అడ్డంగా ఊపింది. “మాట ఎవలదైతేంది, నోరు నాదే గద.”

సుగుణ సారక్క ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

“చూడు బిడ్డా, దాచకుంట చెప్తున్న. మీ అమ్మ గొంతు రావాలంటే ఈ మాటతోనే వస్తది. వేరే తొవ్వ లేదు. మెడ మళ్ళ మండుతది. రాయి మీదికి చెయ్యి పోతది. వద్దనుకుంటే గిట్లనే ఉండు, ఎవలు ఏమనరు. నువ్వే చెప్పాలె.”

సారక్క అద్దం వైపు చూసింది. పసుపు రిబ్బను సరిచేసుకుంది.

“ఇప్పుడు మస్తు మంచిగుంటది మేడం. అద్దం ముంగట నిలబడ్డా భయం గాదు. ఇది పోవుడు నాకు ఇష్టం లేదు.”

కొమురమ్మ తల వంచుకుంది. “వద్దులే అమ్మా” అన్నది సన్నగా. “పిల్ల సుఖంగ ఉన్నది. నేను మైకుతీర్గనే ఉంట.”

సారక్క అప్పుడు తల్లిని చూసింది. అర్థం కాని లెక్కను చూసినట్టు కనుబొమలు ముడేసి చూసింది.

“నన్ను గంత మాటన్నదని ఇప్పుడు చెప్తున్నరు గద, అయినా ఈమె మీద నాకు కోపం వస్తలేదు మేడం. జరంత గూడ. మైకు మీద ఎవలకన్న కోపం వస్తదా? అమ్మ అన్నంక కోపం రావాలె గద.” గొంతు గట్టిపడింది. “నాకు ఆ కోపం గావాలె. మాట సంగతి నేను చూసుకుంట. పెట్టుండ్రి టోపీ.”

పెట్టింది సుగుణ. తీగలు ఒక్కొక్కటే సరిచూసుకుంది. మీట తిప్పింది. టోపీ కీచుమంది.

సారక్క చూపు మెడ మీదికి జారింది. చెయ్యి కూడా జారింది. గోళ్ళు తోలులో దిగబోతుంటే సుగుణ పట్టుకోబోయింది. పిల్ల విదిలించి కొట్టింది. ఒళ్ళంతా బిగుసుకుంది. అద్దంలో మొహం పాలిపోయి, ముడుచుకుని, మళ్ళీ పాత సారక్క మొహం అయింది. చూడలేక కొమురమ్మ పిలిచింది.

“బిడ్డా...”

సారక్క గిరుక్కున తిరిగింది. టోపీ తీగలు తెగి వేలాడాయి.

“అమ్మా!”

కొమురమ్మ చేతులు చాపింది. పిల్ల ఆ చేతుల్లోకి రాలేదు. ఎదురుగా నిలబడి, పిడికిళ్ళు బిగించి, కబడ్డీ కోర్టు దద్దరిల్లే గొంతుతో అరిచింది.

“ఎందుకన్నవే? ఎందుకన్నవ్ నన్ను గట్ల? ఇది మట్టా పోవడానికి? ఇది నా తోలు! నీ కడుపుల్నే పుట్టిన గద, ఎక్కణ్నుంచి తెస్తనే తెల్లతోలు? నువ్వు నల్లగ లేవా?”

“ఉన్న. అందుకే రుద్దిన.” కొమురమ్మ కూడా అరిచింది. “నన్నన్నట్టు నిన్ను ఎవలు అనద్దని రుద్దిన.”

“వాళ్ళనద్దని నువ్వే అన్నవా?”

“నాకెవలు చెప్పిండ్రే వేరే తీరు?”

“నేను చెప్తున్న ఇప్పుడు, ఇను!”

ఉదయభాస్కర్ పరుగెత్తుకొచ్చాడు. తెగిన తీగలు చూశాడు. “ఎవరిచ్చారు మీకు అధికారం? ముందు ఆ తలుపు వెయ్యండి. బయట పేరెంట్స్ కూర్చుని ఉన్నారు, వాళ్ళకు వినబడుతోంది!”

సుగుణ తలుపు దాకా వెళ్ళింది. పక్కనున్న ఇనుపకుర్చీ ఈడ్చుకొచ్చి, తలుపు మూతపడకుండా గడపలో అడ్డంగా వేసి, తనే దాని మీద కూర్చుంది.

“విననియ్యుండ్రి” అన్నది.

వెనకాల సారక్క కడుగుతూనే ఉంది, కొమురమ్మ జవాబు చెప్పలేక, చెప్పక మానలేక పెనుగులాడుతూనే ఉంది. ఆ కేకలు వరండాలోకి పోతున్నాయి. అక్కడ బెంచీ మీద వరసగా తల్లులు, పక్కన పిల్లలు. తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు. చివరన ఒకామె కూతురి మొహం పైకెత్తి పట్టుకుని, చేతిరుమాలుతో పౌడరు అద్దుతోంది.

ఆ చెయ్యి గాల్లో ఆగింది. కూతురు ఆ చేతినే చూస్తోంది.